కెమెరా ఎవరి చేతిలో?

సూరత్ మగ్గాలను నమ్ముకొని తెలంగాణ నుండి వలసపోయిన తెలుగు కుటుంబాలు అనేకం. లింబాయత్ ప్రాంతంలో తెలుగు వినిపించడం వింత కాదు. ఆ నగర పరిసరాలలోని ఒక జౌళి కార్ఖానాలో రాహుల్ జైన్ 2016లో 'మెషీన్స్' అనే వాస్తవచిత్రం తీసినాడు. రంగునీళ్లు, ఆవిరి, యంత్రం ప్రక్కన కునికిపాట్లు పడే బాలుడు: దృశ్యాలు మరపురానివి. ఛాయాగ్రహణానికి 2017లో సన్‌డాన్స్ ఉత్సవంలో పురస్కారం లభించినది, తగినదే. కాని చివర శ్రామికులు గుమిగూడి, చూచి వెళ్లిపోయేవారు తమకేమి చేయగలరని చిత్రకారుణ్ణే నిలదీస్తారు. కెమెరా వద్ద సమాధానం లేదు.

అదే కెమెరా చూడబడేవాని చేతికే వస్తే? 2021లో ప్రవీణ్ కాండ్రేగుల దర్శకత్వంలో వచ్చిన 'సినిమా బండి' ఈ ఊహతోనే మొదలవుతుంది. ఆటో నడుపుకొనే వీరబాబుకు ఎవరో మరచిపోయిన ఖరీదైన కెమెరా దొరుకుతుంది. సినిమా తీస్తే ఊరు బాగుపడునని అతని ఆశ. కెమెరా పట్టవలసినవాడు పెండ్లి ఫోటోలు తీసే గణపతి. చిత్రమంతటికీ ప్రాణం ఈ బిడియస్తుడే అనవలెను. వీరబాబుకు కోరిక ఉన్నది, మంగలి మరిడేష్‌కు నాయకుణ్ణన్న ధీమా ఉన్నది. గణపతికి ఉన్నది పని పట్ల భయభక్తులు మాత్రమే. తనకు రానిదేదో తనకు తెలుసు. కళాభిమానికి అది చిన్న గుణం కాదు.

ఔత్సాహికుణ్ణి చూచి నవ్వడం మన సాహిత్యలోకానికీ అలవాటే. తొలి కథ పంపిన కుర్రవాని అచ్చుతప్పులు చదివి వినోదించని సంపాదకుడు అరుదు. ఈ చిత్రం కూడా మొదట ఆ నవ్వునే ఆశ్రయించినది. కొన్నిచోట్ల పల్లె అమాయకత్వాన్ని అవసరానికి మించి వాడుకొన్నది. అయితే దృశ్యాల పొంతన చెడినదని పట్టుకొనేవాడు ఊరి బాలుడే. ఆ క్షణాన నవ్వు విమర్శగా మారినది. విమర్శ చేసినది కూడా ఊరే. వసంత్ మరింగంటి రచనలో ఆంధ్ర కర్ణాటక సరిహద్దు పలుకుబడి పరిహాసానికి కాక సంభాషణకు పనికివచ్చినది.

కెమెరా స్వంతదారు నష్టం మాత్రం సులువుగా సమసిపోయినది. ఆమెకూ ఒక కళాజీవితం ఉన్నదని గుర్తుచేసిన చిత్రం, ఆ కోపానికి చాలినంత చోటు ఇవ్వలేదు. గణపతి తీసిన దృశ్యాలను కూడా ఇంకొంతసేపు చూపవలసినది. అతడు ఎట్లా చూచినాడో తెలుసుకోవలెనన్న కుతూహలం ప్రేక్షకునిలో అప్పటికే కలిగినది.