గోల్ఫ్‌లో దురదృష్టానికి వెల ఒక స్ట్రోక్

టీ మీంచి కొట్టిన బంతి కుడివైపు చెట్లలోకి పోయింది. దొరుకుతుందో లేదో తెలియదు. ఆటగాడు జేబులోంచి మరో బంతి తీసి "ఇంకోటి కొడుతున్నా" అని కొట్టేశాడు. తీరా వెళ్లి చూస్తే మొదటి బంతి పొట్టిగడ్డిలో నిక్షేపంగా ఉంది. దాన్ని కొట్టవచ్చా? కొట్టకూడదు. రెండోది 'ప్రొవిజనల్' అని గానీ, అది తాత్కాలికమేనని అర్థమయ్యేలా గానీ చెప్పకపోతే, కొట్టిన క్షణం నుంచి అదే ఆటలో ఉన్న బంతి. పెనాల్టీతో కలిపి ఆ దెబ్బ మూడో స్ట్రోక్ కింద లెక్క. మొదటి బంతిని కొడితే 'తప్పు బంతి' ఆడినందుకు మరో రెండు స్ట్రోకులు పడతాయి. ఒక్క మాట అననందుకు ఇంత శిక్షా అనిపిస్తుంది. గోల్ఫ్ నియమాలను మనం అపార్థం చేసుకునేది సరిగ్గా ఇక్కడే. పెనాల్టీని శిక్ష అనుకుంటాం. చాలా సందర్భాల్లో అది చిక్కులోంచి బయటపడటానికి చెల్లించే వెల. వెల ఎంతో ముందే ఒప్పుకోవాలి. రెండు బంతులూ కొట్టి, ఏది బాగా పడిందో చూశాక దాన్ని ఏరుకునే వీలుంటే అది బేరమే కాదు.

ఇది నా ఊహ కాదు. స్కాట్లాండ్‌లో ఎడిన్‌బరో గోల్ఫర్లు 1744లో లీత్ మైదానంలో పోటీ కోసం రాసుకున్న 13 నియమాల్లోనే ఈ సంగతి ఉంది. బంతి నీళ్లలో పడితే తీసుకోవచ్చు, అందుకు ప్రత్యర్థికి ఒక స్ట్రోక్ ఇవ్వాలి. బంతి పోతే మునుపు కొట్టిన చోటికే వెళ్లి ఇంకోటి వేసుకోవాలి, ఆ దురదృష్టానికి ఒక స్ట్రోక్ ఇవ్వాలి. అక్కడ నేరం అన్న ఊసే లేదు. నేటి పుస్తకం ఎంత లావెక్కినా మూలం అదే: మైదానం ఎలా ఉంటే అలా, బంతి ఎక్కడుంటే అక్కడే ఆడు, ఆడలేకపోతే వెల కట్టి కదులు.

ఈ కళ్లతో చూస్తే చాలా చిక్కుముడులు విడిపోతాయి. బంతి హద్దు దాటితే రెండు స్ట్రోకులు అని ఎందరో అనుకుంటారు. అసలు నియమంలో పెనాల్టీ ఒకటే, కాకపోతే కొట్టిన దూరం కూడా పోతుంది. బంతి పోయిన వైపు ఫెయిర్‌వేలో డ్రాప్ చేసి రెండు స్ట్రోకులు వేసుకునే పద్ధతి 2019లో వచ్చింది. అది పోటీ నిర్వాహకులు ఇష్టమైతే పెట్టుకునే స్థానిక నియమం మాత్రమే. పొదలో ఇరుక్కున్న బంతి ఆడదగినదా కాదా అన్నది, నీటి గుంటల వంటి పెనాల్టీ ఏరియాలో తప్ప ఎక్కడైనా, ఆ ఆటగాడే తేల్చుకుంటాడు. పక్కవాడి అనుమతి అక్కర్లేదు. ఇక బండ్ల బాట మీద బంతి ఆగితే వెల ఏమీ లేదు, రిలీఫ్, అంటే బంతిని అక్కణ్నుంచి తీసి వేరేచోట వేసుకునే వీలు, ఉచితం. ఉచితం కదా అని నచ్చిన వైపు వేసుకుంటారు. నియమం అడిగేది, హోల్‌కు దగ్గర కాకుండా, బంతికీ కాళ్లకూ స్వింగుకీ బాట అడ్డురాని అన్నిటికన్నా దగ్గరి చోటు. ఆ చోటు ముళ్లపొదలో ఉండొచ్చు. అందుకే బంతిని చేత్తో ఎత్తకముందే అటు ఒకసారి చూసుకోవాలి.

మరి ఫెయిర్‌వే మధ్యకు చక్కగా కొట్టిన బంతి ఎవరో తవ్విపోయిన డివట్ గుంటలో పడితే ఉచిత రిలీఫ్ ఎందుకు లేదు? ఇది బలమైన అభ్యంతరమే, కోపం సహజమే. కానీ గుంట ఎంత పూడితే గుంట కాకుండా పోతుంది? సగం గడ్డి మొలిచినదాన్ని ఏమనాలి? ప్రతి రెండు దెబ్బలకూ ఈ వాదన పెట్టుకుంటే ఆట సాగదు. నియమాలు ఇష్టమొచ్చినట్టు మారుస్తారన్న ఆరోపణ మాత్రం నిలవదు. 2019లో 34 నియమాలను 24కు కుదించినప్పుడు, గ్రీన్ మీద బంతిని పొరపాటున కదిపితే పెనాల్టీ లేకుండా పుస్తకంలోనే రాశారు. బంతిని తిరిగి అక్కడే పెడితే ఆటగాడికి దక్కిన లాభం ఏమీ లేదు, కనుక వెలా లేదు. అలాగే బంతి వెతికే గడువు అయిదు నిమిషాల నుంచి మూడుకు తగ్గింది.

శిక్ష అసలు లేదని కాదు. బంతి వెనక గడ్డి తొక్కి చదును చేస్తే స్ట్రోక్ ప్లేలో రెండు స్ట్రోకులు, మ్యాచ్ ప్లేలో ఆ హోలే పోతుంది. అది దురదృష్టం కాదు, లేని హక్కును తీసుకోవడం. ఈ తేడా తెలిసినవాడికి తన మీద తాను పెనాల్టీ వేసుకోవడం అవమానం అనిపించదు. 1925 యూఎస్ ఓపెన్‌లో బాబీ జోన్స్ బంతి పొడుగు గడ్డిలో కాస్త కదిలింది. ఆయన తప్ప చూసినవాళ్లు లేరు, నిర్వాహకులు నిర్ణయం ఆయనకే వదిలేశారు. జోన్స్ ఒక స్ట్రోక్ కలిపి రాయించుకున్నాడు. స్కోరు సమమై ప్లే-ఆఫ్‌కు వెళ్లింది. రెండో ప్లే-ఆఫ్‌లో విల్లీ మాక్‌ఫార్లేన్ చేతిలో ఒకే ఒక్క స్ట్రోక్ తేడాతో ఓడిపోయాడు.

గోల్కొండ కోట పక్కనో, విశాఖలోనో కొత్తగా క్లబ్బు పట్టేవాళ్లకు కోచ్‌లు పట్టు, స్వింగు నేర్పుతున్నారు. దయచేసి 'ప్రొవిజనల్' అన్న మాటను కూడా మొదటి రోజే నేర్పండి.