అతుకులూ నేతా: బైబిల్ కథను చదవడం

మతగ్రంథాన్ని సాహిత్యంగా చదవడం అభ్యుదయ విమర్శకు అనవసరమనే వాళ్లు మనలో ఉన్నారు. పవిత్రమన్నవాడు దాన్ని ప్రశ్నించనివ్వడు. పుక్కిటి పురాణమన్నవాడు అసలు చదవడు. ఇద్దరి చేతుల్లోనూ పుస్తకం మూసే ఉంటుంది. బర్క్లీలో హీబ్రూ, తులనాత్మక సాహిత్యం బోధించిన రాబర్ట్ ఆల్టర్ 1981లో వెలువరించిన ‘ది ఆర్ట్ ఆఫ్ బిబ్లికల్ నెరేటివ్’ ఆ పుస్తకాన్ని తెరిపిస్తుంది. మన విద్యార్థులు దాన్ని చదవాలని, చదివి దానితో వాదించాలని నా అభిప్రాయం.

హీబ్రూ బైబిల్‌పై హేతుబద్ధ పరిశీలన కొత్తది కాదు. 1656లో ఆమ్‌స్టర్‌డాం యూదు సమాజం వెలివేసిన స్పినోజా, 1670లో తన పేరు లేకుండా అచ్చయిన గ్రంథంలో, మొదటి ఐదు కాండాలు మోషే రచన కావని వాదించాడు. 1878లో వెల్‌హౌజన్, వాటిలో వేర్వేరు కాలాల రచనలు కలిసి ఉన్నాయన్న సిద్ధాంతానికి స్థిరరూపమిచ్చాడు. దైవవాక్కు అన్నదాన్ని మనుషుల చరిత్రలోకి దించిన ఈ కృషి సామాన్యమైనది కాదు. అయితే ఆ దారిన నడిచిన పండితులు చాలామంది అతుకులు లెక్కపెట్టడంతోనే తృప్తిపడ్డారు. నేత వాళ్ల కంటికి ఆనలేదు.

ఆదికాండం 38వ అధ్యాయాన్నే తీసుకుందాం. యోసేపును అన్నలు అమ్మేసిన కథ మధ్యలో యూదా, తామారుల కథ వస్తుంది. 1964లో స్పైజర్ తన వ్యాఖ్యానంలో ఇది యోసేపు కథతో సంబంధం లేని విడి ఖండమని తేల్చాడు. ఆల్టర్ హీబ్రూ మాటలను పట్టి చూశాడు. మేకరక్తంలో ముంచిన అంగీని తండ్రికి పంపి, గుర్తుపట్టమంటారు అన్నలు. ఆ అన్నల్లో ఒకడైన యూదాకు, అతను తాకట్టుపెట్టిన ముద్ర, దారం, కర్ర పంపి, గుర్తుపట్టమంటుంది కోడలు తామారు. రెండుచోట్లా అదే క్రియ, అదే రూపం. మోసగించినవాడు మోసపోయాడు. క్రీ.శ. 5వ శతాబ్దం ప్రాంతంలో పాలస్తీనాలో రూపొందిన ‘బెరేషిత్ రబ్బా’ వ్యాఖ్యాతలు ఈ పోలికను ఏనాడో గమనించారని ఆల్టరే నిజాయితీగా చెబుతాడు. ఆధునిక పండితుడు జారవిడిచినదాన్ని పాత రబ్బీలు పట్టుకున్నారు!

ఇంతవరకూ ఆల్టర్‌తో నాకు పేచీ లేదు. నా పేచీ ఆ తరువాత మొదలవుతుంది. భర్త పోయిన తామారును మామ పుట్టింటికి పంపేశాడు. మూడో కొడుక్కిచ్చి చేస్తానన్న మాట నిలుపుకోలేదు. బిడ్డ లేకపోతే ఆ కుటుంబంలో ఆమెకు చోటు లేదు. ఆమె ముసుగు వేసుకుని దారిపక్క కూర్చున్నది అందుకే. వేశ్య అనుకుని దగ్గరికి పోయిన యూదాకు శిక్ష లేదు. గర్భవతి అయిన తామారును తగలబెట్టమని ఆజ్ఞాపించే అధికారం మాత్రం అతనికుంది. ఒక్క మాట పునరుక్తి ఇంత పదునుగా తగలడానికి కారణం, దాని వెనుక ఒక స్త్రీ ప్రాణం వేలాడుతుండటం. ఆల్టర్ శిల్పాన్ని అద్భుతంగా విప్పుతాడు గాని, ఈ అధికారం దగ్గర ఎక్కువసేపు నిలవడు.

మన దగ్గరా భారత రామాయణాల చర్చలో ఇబ్బందిపెట్టే ఘట్టాన్ని ప్రక్షిప్తమని పక్కకు నెట్టడం సులువైన అలవాటయింది. ప్రక్షిప్తమే కావచ్చు. దాన్ని అక్కడే ఎందుకు చేర్చారు, చేర్చాక కథ అర్థం ఎలా మారింది, ఆ మార్పు ఎవరికి ఉపయోగపడింది? ఈ మూడు ప్రశ్నలూ కలిపి అడగగలిగినప్పుడే మనది సమగ్ర విమర్శ అవుతుంది. మొదటి రెండూ అడగడం ఆల్టర్ దగ్గర నేర్చుకుందాం. మూడోది అడగడం మన బాధ్యత.