వెన్నెల్లో విషం, వెలుగులో విరుగుడు

రీమేకు మన ప్రేక్షకుడికి కొత్త కాదు. పక్క భాషలో ఆడిన కథను తెచ్చుకుని, ఊరూ పేరూ మార్చి, మన పాటలు కలిపి తీయడం తెలుగు సినిమాకు ఏనాటి నుంచో ఉన్న అలవాటు. ‘పున్నమి నాగు’ అలా వచ్చినదే. కన్నడ ‘హుణ్ణిమెయ రాత్రియల్లి’ని ఏవీఎం సంస్థ 1980లో రాజశేఖర్ దర్శకత్వంలో తెలుగు చేసింది. దానికి ఏడాది ముందు, 1979లో, జర్మన్ దర్శకుడు వెర్నర్ హెర్జోగ్ ‘నోస్ఫెరాటు’ను మళ్లీ తీశాడు. 1922లో ముర్నౌ తీసిన మూకీ చిత్రం దానికి మాతృక. ఒకటి పాములవాడి కథ, ఇంకొకటి నెత్తురు తాగే దొర కథ. ఒకదానితో ఒకదానికి ముడి లేదు. అయినా పక్కపక్కన పెట్టి చూస్తే ఒక కడుపున పుట్టిన బిడ్డల్లా కనిపిస్తాయి.

వంశాల సంగతి ముందు చూద్దాం. నోస్ఫెరాటుకు మూలం బ్రామ్ స్టోకర్ 1897లో రాసిన ‘డ్రాకులా’ నవల. ముర్నౌ నిర్మాతలు హక్కులు కొనకుండా, పాత్రల పేర్లు మార్చి తీశారు. స్టోకర్ భార్య కోర్టుకెక్కింది. ప్రింట్లన్నీ నాశనం చేయమని 1925లో తీర్పు వచ్చింది. ఎక్కడెక్కడో మిగిలిన ప్రింట్ల వల్లే ఆ చిత్రం బతికింది. హెర్జోగ్ నాటికి నవలపై హక్కుల గడువు తీరిపోవడంతో డ్రాకులా అసలు పేరుతోనే తెరమీదికి వచ్చాడు. ‘పున్నమి నాగు’లోని పాములవాడు నాగులు వంశం ఇంకా పాతది. విశాఖదత్తుడి ‘ముద్రారాక్షసం’లో చంద్రగుప్తుడి కోసం రాక్షసమంత్రి పంపిన విషకన్యను చాణక్యుడు పర్వతకుడి మీదికి మళ్లిస్తాడు. స్పర్శతోనే చంపే ఆ స్త్రీ ఇక్కడ మగవాడైంది, రాజనీతి పోయి పేదవాడి గుడిసె వచ్చింది.

భయం పుట్టే చోటు దగ్గర రెండు దారులూ విడిపోతాయి. డ్రాకులాకు చీకటి బలం, సూర్యుడు మృత్యువు. నిజానికి నవలలో డ్రాకులా పగటిపూట కూడా తిరుగుతాడు. పొద్దు పొడిస్తే రక్తపిశాచి నశించడమన్నది ముర్నౌ చిత్రం తెచ్చిన కల్పన, ఇప్పుడది లోకమంతటికీ శాస్త్రమైపోయింది. ‘పున్నమి నాగు’లో మాత్రం చీకటికి పని లేదు. మన పాటల్లో ప్రేమికులకు పట్టుపరుపులా ఉండే పండువెన్నెలే ఇక్కడ విషం చిమ్ముతుంది. అందుకే సినిమాలో వచ్చే పున్నమి పాటను కథకు అడ్డమని తీసిపారేయలేం. హెర్జోగ్ నిశ్శబ్దాన్ని పరిచి భయపెడితే, మనవాళ్లు రాగాన్ని ఎరవేసి భయపెట్టారు.

అలాగే ఏ నేల భయం ఆ నేలది. హెర్జోగ్ చిత్రంలో దొరతోపాటు ఓడ నిండా ఎలుకలు దిగుతాయి. డెల్ఫ్ట్ పట్టణంలో తీసిన ఆ దృశ్యాల కోసం వేలకొద్దీ ఎలుకలను తెప్పించారు. ప్లేగు ఊళ్లకు ఊళ్లను ఊడ్చేసిన జ్ఞాపకం ఉన్న ఐరోపాకు అవి చాలు. మన ఆత్మకూరు, ఉదయగిరి మెట్ట పల్లెల్లో ఎలుకను చూసి ఎవరూ జడవరు. రాత్రి కరెంటు వచ్చినప్పుడు టార్చిలైటు పట్టుకుని మోటారు వేయడానికి గట్టు వెంట నడిచే రైతు కళ్లు పాము కోసమే వెతుకుతాయి. పురుగు ముట్టిందంటే ఇంటిల్లిపాదీ వణికే చోట నాగులు కథకు వేరే పరిచయం అక్కర్లేదు.

కాగా, హెర్జోగ్ చిత్రంలో ఒక సంగతి ఉదయగిరి వాళ్లకు నేరుగా తగులుతుంది. డ్రాకులా కోటకు బయలుదేరిన ప్రయాణికుడితో, కొండమీద కోట లేదనీ, ఉన్నవి శిథిలాలేననీ అక్కడివాళ్లు చెబుతారు. అయినా అతను వెళ్తాడు, కోట ఉంటుంది. గజపతుల చేతిలోంచి 1514లో శ్రీకృష్ణదేవరాయలు గెలుచుకున్న ఉదయగిరి దుర్గం కూలిన గోడల మధ్య తిరిగినవారికి, లేని కోటను మనసు ఎలా నిలబెట్టుకుంటుందో తెలుసు.

ఇక నటులు. ముర్నౌ చిత్రంలో మాక్స్ ష్రెక్ మనిషన్న ఛాయ లేని పీడ. క్లౌస్ కిన్‌స్కీ అదే బోడితల, అదే ముందుపళ్లు, అవే గోళ్లతో వచ్చి, చావు రాని ముసలితనాన్ని, ఎవరూ ప్రేమించని ఒంటరితనాన్ని మోస్తాడు. చిరంజీవి అప్పటికి పరిశ్రమకు వచ్చి రెండేళ్లే. కథానాయకుడు నరసింహరాజు ఉండగా, చంపేవాడైన నాగులు పాత్ర ఒప్పుకున్నాడు. తండ్రి చిన్ననాటి నుంచి కొంచెం కొంచెంగా పెట్టిన విషం తనను ఏం చేసిందో తెలిశాక, ఒంటిమీద చర్మం ఊడివస్తుంటే అతను పడే బాధ చూసి జాలిపడని వారుండరు. డ్రాకులాకు కాలం శత్రువు, నాగులుకు కన్నతండ్రి పెంపకం. ఇద్దరూ దయ్యాలు కారు, రోగులు.

ఆడవాళ్ల విషయంలో హెర్జోగ్‌ది పైచేయి. ఇజబెల్ అజానీ పోషించిన లూసీ అన్నీ తెలిసే, తెల్లవారేదాకా డ్రాకులాను తన దగ్గర ఆపి, ఊరి కోసం ప్రాణమిస్తుంది. నాగులు చేతిలో పోయిన స్త్రీలకు ఆ ఎరుక లేదు. వాళ్లు కథకు ఆహుతులు మాత్రమే. ముగింపు దగ్గర మాత్రం పైచేయి మనది. హెర్జోగ్ చిత్రంలో లూసీ త్యాగం వృథా అవుతుంది. ఆమె భర్తే కొత్త పిశాచమై గుర్రమెక్కి వెళ్లిపోతాడు. నాగులు తన విషాన్ని ఇంకొకరికి పంచకుండా తన ప్రాణం తానే తీసుకుంటాడు. అక్కడ చరిత్ర మీద నమ్మకం పోయిన దేశం మాట్లాడింది, ఇక్కడ పాపాత్ముడిలోనూ ధర్మం మిగిలి ఉంటుందని నమ్మే సమాజం మాట్లాడింది.

మాతృకలోని సన్నివేశాలను వరసగా దింపుకుంటే రీమేకు కాదు. పాత భయానికి కొత్త నేలలో వేరు దొరకాలి, రాక్షసుడిలో మనిషి కనిపించాలి. ఈ రెండు చిత్రాలూ ఆ పని చేశాయి. ‘పున్నమి నాగు’ మీకు కంఠతా వచ్చి ఉంటే, ఈసారి దాని తర్వాత హెర్జోగ్ ‘నోస్ఫెరాటు’ కూడా చూడండి. మన నాగులు ఎంత గొప్ప పాత్రో అప్పుడు మరింత బాగా తెలుస్తుంది.