ఎవరి కళ్ళతో చదువుతున్నాం?

జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ నవల ‘ఎ గేమ్ ఆఫ్ థ్రోన్స్’ (1996) తెరవగానే పేర్ల గుంపు చూసి మీరు బెదరవచ్చు. వంశవృక్షాలను కంఠస్థం చేయనక్కరలేదు. ప్రతి అధ్యాయానికీ శీర్షికగా ఉన్న పేరును గమనించండి. అక్కడ మనకు తెలిసేది ఆ పాత్ర చూసినదీ, విన్నదీ, అనుకున్నదీ మాత్రమే.

ఉపోద్ఘాతాన్ని మినహాయిస్తే ఇటువంటి పాత్రలు ఎనిమిది. ఆరుగురు స్టార్క్ ఇంట్లోవారే. వారి విరోధులైన లానిస్టర్లలో టిరియన్ ఒక్కడే. అతడూ కన్నతండ్రికి గిట్టనివాడు. మిగిలిన డెనేరిస్ సముద్రానికి ఆవల ఉంటుంది. అంటే లానిస్టర్లను దుర్మార్గులనడం దాదాపు ఒక పక్షం సాక్ష్యమే విని ఇచ్చిన తీర్పు.

జైమీ లానిస్టర్‌నే తీసుకోండి. పసివాడైన బ్రాన్‌ను కిటికీలోంచి తోసేశాడు. అంతకు ఎన్నో ఏళ్ళ ముందే, కాపాడతానని ప్రమాణం చేసిన రాజును చంపాడు. అసహ్యించుకోవడానికి ఇంకేం కావాలి? కాని మూడవ నవల ‘ఎ స్టార్మ్ ఆఫ్ స్వోర్డ్స్’ (2000)లో జైమీ పేరుతోనే అధ్యాయాలు వస్తాయి. ఆ రాజు నగరమంతా తగలబెట్టించబోయాడని అతడి నోటనే వింటాం. రాజహత్యకు అర్థం మారిపోతుంది. బ్రాన్ విషయం మారదు. రచయిత ఆ మచ్చను తుడవడు. విందుల వర్ణనలు ఎంత సాగదీసినా, ఈ నిజాయితీ కోసం నేను ఈ నవలలను మెచ్చుకుంటాను.

బ్రాన్ పడిపోయే అధ్యాయాన్ని ఇప్పుడు మళ్ళీ చదవండి. జైమీపై మీ తీర్పులో ఏది నిలిచిందో, ఏది నిలవలేదో రాయండి.