నూట ముప్పై రూపాయల భయం

నెలకు 130 రూపాయలు ఎవరి కొంపా ముంచవు. ముంచవు కాబట్టే వాటిని ఎవరూ లెక్కడగరు. కరెంటు బిల్లు కాస్త ఎక్కువొస్తే రీడింగ్ తీసే మనిషిని వాకిట్లో నిలబెట్టి అడిగేవాళ్లు కూడా, ఫోన్‌లోంచి నెలనెలా జారిపోయే ఈ సొమ్మును ఏళ్ల తరబడి పోనిస్తారు. గూగుల్ వన్‌లో వంద జీబీ జాగాకు అది కిరాయి. ఏడాదిది ఒకేసారి కడితే 1,300. ఆ కిరాయి మానేసి, ఖాతా ఉన్నవాళ్లకు ఊరికే ఇచ్చే 15 జీబీలోకి దిగిరావడం గురించి ఈ వారం నాలుగు మాటలు. రద్దు మీట నొక్కితే అయిపోయేదానికి ఇంత రాయాలా అనుకోవచ్చు. మీట నొక్కడం ఈ పనిలో ఆఖరి మెట్టు. అసలు పనంతా దానికి ముందే ఉంది.

మా తమ్ముడి కుటుంబం ఎర్రవల్లిలో ఉంటుంది. సిద్దిపేట జిల్లా, మర్కూక్ మండలం. 2015 డిసెంబర్‌లో అయుత చండీయాగం జరిగిన ఊరు, అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ దత్తత తీసుకున్న ఊరు అంటే చాలామందికి తెలుస్తుంది. ఈమధ్య వెళ్లినప్పుడు మా మరదలు నన్ను కూచోబెట్టి పంచాయితీ పెట్టింది.

"బావా, నెలకోపారి నూట ముప్పై కట్టయితున్నయి. ఎందుకురా అంటే ఫొటోలకు అంటడు. ఫొటోలు తీసేటందుకు పైసలు లేవు గని, దాసేటందుకు పైసలా?"

కొడుకు పక్కనే ఉన్నాడు. "బంద్ చేస్తే పాతిల్లు పోతది పెద్దబాపూ" అన్నాడు.

ఆ మాట మా ఇంట్లోవాళ్లకు అర్థమవుతుంది గానీ, బయటివాళ్లకు కొంచెం విప్పి చెప్పాలి. ఎర్రవల్లిలో, పక్కనే ఉన్న నర్సన్నపేటలో పాత ఇళ్లు కూల్చి డబుల్ బెడ్‌రూం ఇళ్లు కట్టారు. రెండూళ్లలో కలిపి అయిదు వందల పైచిలుకు ఇళ్లకు 2016 డిసెంబర్ 23న ఒకేరోజు గృహప్రవేశాలు జరిగాయి. కొత్త ఇల్లు బాగుంది, ఆ సంగతిలో పేచీ లేదు. కానీ మా తమ్ముడు పుట్టిన పెంకుటిల్లు, దాని దర్వాజ, మా అమ్మ కూచున్న అరుగు ఇప్పుడు ఉన్నది ఫోన్‌లోనే. కూల్చే ముందు తీసిన నాలుగైదు ఫొటోలు.

ఆ ఫొటోలు మేఘం (క్లౌడ్) మీదికి ఎలా ఎక్కాయన్నది కూడా ఆ కాలం కథే. 2016 సెప్టెంబర్ 5న మొదలైన జియో, 2017 మార్చి 31 దాకా డేటా ఊరికే ఇచ్చింది. గూగుల్ ఫొటోస్ 2015లో వచ్చినప్పటి నుంచే, 'హై క్వాలిటీ' అని ఎంచుకుంటే ఎన్ని ఫొటోలైనా ఉచితంగా దాచింది. ఇవతల డేటాకు పైసా లేదు, అవతల జాగాకు పైసా లేదు. జనం తీసిందల్లా ఎక్కించారు. గృహప్రవేశాల నెలలోనే మన జిల్లాలోని ఇబ్రహీంపూర్‌ను నగదు రహిత గ్రామంగా ప్రకటించారు. నోట్ల రద్దు రోజులవి. స్వైప్ మిషన్ అంటే వింతగా చూసిన ఊళ్లు కొన్నేళ్లకే యూపీఐకి అలవాటు పడ్డాయి. 2020లో దానికి, నెలనెలా సొమ్ము దానంతటదే కట్టయ్యే ఆటోపే తోడైంది. ఫొటోలు పైకి ఎక్కింది ఊరికే, తర్వాత వాటికి కిరాయి కట్టే దారి పడింది జేబులోంచే.

మా ప్రాంతంలో ఈ భయం ఒక్క ఎర్రవల్లిదే కాదు. ఎర్రవల్లికి దగ్గరలోనే ఉన్న కొండపోచమ్మ సాగర్ జలాశయాన్ని 2020 మే 29న ప్రారంభించారు. పదిహేను టీఎంసీల నీళ్ల కింద మామిడ్యాల, బైలంపూర్, తానేదార్‌పల్లి ఉన్నాయి. ఇంకాస్త దూరంలో మల్లన్నసాగర్, యాభై టీఎంసీలు. దాని కింద వేములఘాట్, ఏటిగడ్డ కిష్టాపూర్, పల్లెపహాడ్ లాంటి ఊళ్లు. ఆ ఊళ్లవాళ్లు గజ్వేల్ దగ్గరి పునరావాస కాలనీల్లో ఉన్నారు. ఫోన్ తీసి 'ఇది మా బొడ్రాయి, ఇది మా బడి' అని చూపించే మనుషులు. అలాంటి ఫోన్ మీద 'మీ స్టోరేజీ నిండబోతోంది' అన్న గీత ఎర్రగా కనిపిస్తే, 130 కట్టకుండా ఉండడానికి గుండె నిబ్బరం కావాలి. నేను చూసినవాళ్లలో చాలామంది జాగా కోసం కట్టడం లేదు, భయానికి కడుతున్నారు.

అందుకని మొదటి పని భయాన్ని విప్పి చూడడం. పిల్లవాడి చేత గూగుల్ వన్‌లో స్టోరేజీ పేజీ తెరిపించాను. ఏది ఎంత తింటోందో అందులో విడివిడిగా చూపిస్తుంది. అక్కడ తేలింది చూసి మరదలు నవ్వింది, పిల్లవాడికి నవ్వు రాలేదు. 2021 జూన్ 1న గూగుల్ ఉచిత ఫొటోల పద్ధతి ఎత్తేసింది గానీ, ఆ తేదీకి ముందు హై క్వాలిటీలో ఎక్కించిన ఫొటోలను లెక్కలోకి తీసుకోలేదు, ఇప్పటికీ తీసుకోదు. అంటే పాతింటి ఫొటోలు ఆ 15 జీబీలో ఒక్క ఎంబీ కూడా ఆక్రమించలేదు. ఏ ఇంటి కోసం నెలనెలా కిరాయి కట్టారో ఆ ఇంటికి కిరాయే లేదు.

మరి జాగా తిన్నది ఎవరు? వాట్సాప్. ఆండ్రాయిడ్ ఫోన్లలో వాట్సాప్ బ్యాకప్ ఒకప్పుడు లెక్కలోకి వచ్చేది కాదు. 2023 చివర నుంచి, 2024లో అందరికీ, గూగుల్ దాన్ని కూడా 15 జీబీలో కలిపేసింది. ఈ మార్పు ఊళ్లో ఎవరి చెవినా పడలేదు. కుటుంబ గ్రూపు, కులం గ్రూపు, పదో తరగతి బ్యాచ్ గ్రూపు, పొద్దున్నే పూలూ దేవుళ్లూ, బతుకమ్మ వీడియో ఒక్కటే పదిమంది పంపితే పది కాపీలు. శుభోదయాలకు మనం నెలనెలా కిరాయి కడుతున్నాం.

దీనికి మందు కూడా వాట్సాప్ సెట్టింగుల్లోనే ఉంది. చాట్ బ్యాకప్‌లో వీడియోలు కలపాలా వద్దా అన్న మీట ఉంటుంది, దాన్ని ఆపేస్తే సగం బరువు దిగుతుంది. స్టోరేజీ అన్నచోట పెద్ద ఫైళ్లూ, చాలాసార్లు ఫార్వర్డ్ అయినవీ వేరుగా పేర్చి పెడుతుంది. వాటిని తుడిచేయడానికి ఎవరి మనసూ నొచ్చుకోదు. కొత్త ఫోన్ కొన్నప్పుడు పాతదాని పక్కన పెట్టి క్యూఆర్ కోడ్ చూపించి చాట్‌లన్నీ మార్చుకోవచ్చు, మధ్యలో మేఘంతో పనే లేదు.

ఇక అసలు వరస. ఇల్లు ఖాళీ చేసేవాళ్లు సామాను బండికి ఎక్కించాకే తాళం చెవి ఇస్తారు. ఇక్కడా అంతే. ముందు మన దగ్గర ఒక ప్రతి ఉండాలి, తర్వాతే తుడవడం, ఆఖరున రద్దు. గూగుల్ టేకౌట్ అని ఒక సౌకర్యం ఉంది. మన ఖాతాలో ఉన్నదంతా జిప్ ఫైళ్లుగా కట్టి లింకు పంపుతుంది. ఆ లింకు వారం రోజులే పనిచేస్తుంది కాబట్టి, దించుకునే వీలు చూసుకుని అడగాలి. ఫైలు పరిమాణం మనమే చెప్పవచ్చు. ఊళ్లో మొబైల్ డేటా మీద ఆధారపడితే రెండు జీబీల ముక్కలే మేలు, మధ్యలో తెగినా ఆ ముక్క ఒక్కటే మళ్లీ దించుకుంటే చాలు. విప్పితే ఫొటోల పక్కన జేసన్ అనే చిన్న ఫైళ్లు కనిపిస్తాయి. చెత్త అనుకుని పారేయకండి, ఫొటో తీసిన తేదీ, చోటు లాంటి వివరాలు వాటిలో ఉంటాయి. పెన్‌డ్రైవ్ ఒక్కటే చాలదు, హార్డ్‌డిస్క్‌లో ఇంకో ప్రతి పెట్టాలి. పాతింటి ఫొటోలను మాత్రం గజ్వేల్‌లో స్టూడియోకు పంపి కాగితం మీద కూడా తీయించమన్నాను. ఈ పని మరదలికి అన్నిటికన్నా నచ్చింది.

తుడిచేటప్పుడు ఒక చిక్కుంది, దాన్ని ఎంతమందికి చెప్పినా తక్కువే. గూగుల్ ఫొటోస్‌లో 'జాగా ఖాళీ చేయి' అన్నది ఫోన్‌లోని ప్రతిని తీసేసి మేఘంలోది ఉంచుతుంది. 'డిలీట్' అన్నది రెండుచోట్లా తీసేస్తుంది. రెండూ ఒకేలా కనిపిస్తాయి, ఫలితాలు వేరు. పొరపాటున తుడిచినా, బ్యాకప్ అయిన ఫొటో 60 రోజులు బుట్టలో ఉంటుంది, వెనక్కి తెచ్చుకోవచ్చు. బుట్ట ఖాళీ చేస్తేనే జాగా మిగులుతుందన్నది దీనికి రెండో ముఖం.

పదిహేను జీబీల లోపలికి దిగామని చూసుకున్నాకే రద్దు. దిగకుండా రద్దు చేస్తే ఫొటోలు వెంటనే పోవు. కొత్తవి ఎక్కవు, జీమెయిల్‌కు ఉత్తరాలు రావడం ఆగిపోతుంది. బ్యాంకు, కాలేజీ, ఉద్యోగం కబుర్లన్నీ ఆ జీమెయిల్‌కే వస్తాయి కాబట్టి పిల్లలకు అదే పెద్ద దెబ్బ. హద్దు దాటి రెండేళ్లు అలాగే ఉంచితే ఉన్నదంతా తీసేయవచ్చని నిబంధన.

యాప్ తీసేస్తే కిరాయి ఆగుతుందనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆగదు. ప్లే స్టోర్‌లో పేమెంట్స్, సబ్‌స్క్రిప్షన్స్ అన్నచోటికి వెళ్లి రద్దు చేయాలి. ఆ తర్వాత ఫోన్‌పే గానీ గూగుల్ పే గానీ తెరిచి ఆటోపే జాబితాలో ఆ అనుమతి ఇంకా ఉందేమో చూడాలి. కట్టిన గడువు ఉన్నన్నాళ్లు పాత జాగా ఉంటుంది, కాబట్టి రద్దుకు ఆఖరి రోజు దాకా ఆగక్కర్లేదు. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం సొమ్ము కట్టయ్యే 24 గంటల ముందు కబురు రావాలి. వస్తుంది కూడా. అయితే 15,000 రూపాయల లోపు వాటికి ప్రతిసారీ ఓటీపీ అడగరు. ఆ కబురు ఎస్సెమ్మెస్‌ల గుట్టలో ఎక్కడో పడి ఉంటుంది. మా పిల్లవాడి ఫోన్‌లోనూ అన్నీ ఉన్నాయి, ఒక్కటీ తెరిచి చూసింది లేదు.

రద్దు మీట దొరకకుండా దాచడం, 'నిజంగా వదులుకుంటారా' అని సిగ్గుపడేలా అడగడం, ఉచిత ట్రయల్ పేరుతో ముందే కార్డు వివరాలు తీసుకోవడం వ్యాపారులకు తెలివి అనిపించవచ్చు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబర్ 30న ఇచ్చిన మార్గదర్శకాల్లో మాత్రం ఇవి మోసపు పోకడలే. మొత్తం పదమూడు రకాలు అందులో ఉన్నాయి. ఒకదాని పేరే సబ్‌స్క్రిప్షన్ ట్రాప్. ఎవరైనా అలా ఇరికిస్తే 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వవచ్చు.

ఉచితంలోకి దిగడం అంటే ఉచితాన్ని నమ్మడం కాదు. ఫ్లికర్ 2013లో ఒక టెరాబైట్ ఊరికే ఇచ్చింది. 2018లో దాన్ని వెయ్యి ఫొటోలకు కుదిస్తామని ప్రకటించింది. ఎవర్‌నోట్ 2023 డిసెంబర్‌లో ఉచిత ఖాతాలను యాభై నోట్లకు పరిమితం చేసింది. ఇప్పుడు ఏఐ వంతు. 2025లో ఎయిర్‌టెల్ వాళ్లకు పర్‌ప్లెక్సిటీ ప్రో ఏడాది ఊరికే, జియో వాళ్లకు జెమిని ప్రో పద్దెనిమిది నెలలు ఊరికే, ఆ నవంబర్ నుంచి చాట్‌జీపీటీ గో ఏడాది ఊరికే ఇచ్చారు. జియో మొదటి ఏడు నెలలు గుర్తున్నవాళ్లకు దీని వెనక లెక్క చెప్పక్కర్లేదు. అలాంటివి వస్తే తీసుకోండి, వాడుకోండి. గడువు తేదీని మాత్రం ఆ రోజే క్యాలెండర్‌లో రాసుకోండి.

డబ్బు కట్టడమే తప్పని నేననడం లేదు. పెళ్లిళ్లు తీసే స్టూడియో మనిషికి, వార్తలు పంపే విలేకరికి, వ్యాపారం అంతా డ్రైవ్‌లో నడిపేవాళ్లకు ఆ 130 పెట్టుబడి. పంట లెక్కలో ఎరువుల పద్దు పక్కనే దాన్నీ రాసుకునే రైతును నేనెరుగుదును. ఏం కొంటున్నాడో తెలిసి కొంటున్నాడు, ఆయన కట్టాల్సిందే. మా పిల్లవాడు రద్దు చేశాడు. మరదలు నెల తిరిగేదాకా నమ్మలేదు.

ఒక్క మనవి. మామిడ్యాల, బైలంపూర్, వేములఘాట్, పల్లెపహాడ్ వాళ్లు, మా ఎర్రవల్లి, నర్సన్నపేట వాళ్లు మీ ఫోన్లలో ఉన్న పాత ఊరి ఫొటోల్లో మీరు సొంతంగా తీసినవి ఏరండి. మనుషుల మొహాలు, ఇంటి గుట్టు ఉన్నవి పక్కన పెట్టండి. బడి, గుడి, బొడ్రాయి, చెరువు కట్ట, వీధి ఉన్నవాటిని వికీమీడియా కామన్స్‌లో ఎక్కించండి. 2004 నుంచి నడుస్తోంది, ఖాతా ఉచితం, జీబీల లెక్క లేదు, ఎవరికీ కిరాయి కట్టక్కర్లేదు. ఎక్కించే ముందు ఒక్కటి తెలుసుకోండి: అక్కడ పెట్టిన ఫొటోను ఎవరైనా వాడుకోవచ్చు, వాడుకునేవాళ్లు తీసిన మనిషిగా మీ పేరు చెప్పాలి. ఊరి పేరు, మండలం, తీసిన సంవత్సరం తెలుగులో రాయండి. రాయడం రాకపోతే ఇంట్లో ఇంటర్ చదివే పిల్లను అడగండి, ఒక పూటలో చేసిపెడుతుంది.