రెండోసారి నొక్కితే

రైలు టికెట్టుకో కరెంటు బిల్లుకో ఆన్‌లైన్‌లో డబ్బు కట్టేటప్పుడు తెర మీద ఒక హెచ్చరిక కనబడుతుంది: దయచేసి రిఫ్రెష్ చేయకండి, బ్యాక్ నొక్కకండి. దానికి మనం ఎంత అలవాటు పడ్డామంటే, ఫోన్ కదిపితే డబ్బు పోతుందేమో అన్నట్టు బిగుసుకుపోయి కూర్చుంటాం. ఆ మాట రాయాల్సి వచ్చిందంటే అప్లికేషన్ తయారుచేసినవాళ్లు తమ పనిలో కొంత మన నెత్తిన పెట్టారనే అర్థం. ఒకే రిక్వెస్ట్ రెండుసార్లు వచ్చినప్పుడు ఏం చేస్తుందన్నదే వెబ్ అప్లికేషన్‌కు అసలు పరీక్ష అని నేను గట్టిగా నమ్ముతాను. రంగులూ హంగులూ ఆ తర్వాతే.

ఈ చిక్కు వెబ్ పుట్టుకలోనే ఉంది. 1989లో సెర్న్‌లో టిమ్ బెర్నర్స్-లీ ప్రతిపాదించింది పరిశోధకులు ఒకరి పత్రాలు ఒకరు చదువుకునే ఏర్పాటు. బ్రౌజర్ అడుగుతుంది, సర్వర్ పేజీ ఇస్తుంది, అంతటితో లావాదేవీ ముగుస్తుంది. అడిగిందెవరో సర్వర్ గుర్తుపెట్టుకోదు. ఒకే పత్రాన్ని పదిసార్లు తెప్పించుకున్నా ఎవరికీ నష్టం లేదు. ఆ పునాది మీదే తర్వాత దుకాణాలూ బ్యాంకులూ కట్టారు. 1994లో నెట్‌స్కేప్‌లో లూ మాంటుల్లి కుకీని తెచ్చాక సర్వర్‌కు మనిషిని ఆనవాలు పట్టడం వచ్చింది. అయితే కుకీ చెప్పేది వచ్చిందెవరన్నదే. తెచ్చిన రిక్వెస్ట్ పాతదో కొత్తదో అది చెప్పలేదు. బ్రౌజర్, సర్వర్ మాట్లాడుకునే హెచ్‌టీటీపీ నియమాలకు మాత్రం మళ్లీ పంపినా నష్టం లేని రిక్వెస్ట్‌కూ ఉన్నదానికీ తేడా తెలుసు: పేజీ అడిగే గెట్ ఎన్నిసార్లు పంపినా ఒకసారి పంపినట్టే ఉండాలి, ఫారం లాంటివి పంపే పోస్ట్‌కు ఆ హామీ లేదు. ఫారం పంపాక వచ్చిన పేజీని రిఫ్రెష్ చేస్తే, మళ్లీ పంపమంటారా అని బ్రౌజర్ అడిగేది అందుకే.

డబ్బు కట్టే బటన్ నొక్కినప్పుడు జరిగేది కాస్త దగ్గరగా చూద్దాం. రిక్వెస్ట్ సర్వర్‌కు చేరింది, డేటాబేస్‌లో ఒక వరస పడింది, డబ్బు తీసుకోవడమూ అయింది. 'అయింది' అన్న జవాబు తిరిగి వస్తుండగా సిగ్నల్ పోయింది. మన ఫోన్‌కు తెలిసింది జవాబు రాలేదని మాత్రమే. రిక్వెస్ట్ దారిలో పోయిందా, జవాబు దారిలో పోయిందా అన్నది ఇవతలి నుంచి తేల్చుకునే దారి లేదు. అందుకని మళ్లీ నొక్కుతాం, అది సహజం. దీనికి మందు తెలిసిందే. ఫారం ఇచ్చేటప్పుడే దానికి మరెక్కడా రాని ఒక సంఖ్య తగిలించాలి. డేటాబేస్‌లో ఆ సంఖ్య రెండోసారి పడకుండా నిబంధన పెట్టాలి. అదే సంఖ్యతో మళ్లీ రిక్వెస్ట్ వస్తే కొత్తగా ఏమీ చేయకుండా మొదటిసారి ఇచ్చిన జవాబే తిరిగి ఇవ్వాలి.

ఇంత దేనికి, ఒకసారి నొక్కగానే బటన్ పనిచేయకుండా చేస్తే చాలదా అంటారు. చాలదు. బటన్ ఉన్నది మన ఫోన్‌లో. పేజీ మళ్లీ తెరిస్తే అది మళ్లీ బతుకుతుంది. పైగా జవాబు రాకపోతే మళ్లీ పంపే ప్రోగ్రాములు మధ్యలోనూ ఉంటాయి. ఒకే మనిషి, ఒకే మొత్తం, ఐదు నిమిషాల్లో రెండుసార్లు వస్తే ఆపేద్దామన్నది ఇంకో సలహా. అది ఇంకా ప్రమాదం. ఇద్దరు పిల్లలకు ఒకే పరీక్ష ఫీజు వెంటవెంటనే కట్టే తండ్రిని అది అడ్డుకుంటుంది. సంఖ్యను కట్టే మొత్తానికి కాక ఆ ఒక్క ప్రయత్నానికి తగిలించేది ఇందుకే. నెట్‌వర్క్ బాగుపడింది కదా అన్న వాదనలో కొంత నిజముంది, కానీ అది సమస్యను అరుదు చేసిందే తప్ప తీసేయలేదు. నమ్మకం లేని దారిలో ఎన్ని కబుర్లు పంపుకున్నా ఇరువైపులా ఒకే మాట మీద ఉన్నామని పూర్తిగా రూఢి చేసుకోలేరని కంప్యూటర్ శాస్త్రం నిరూపించింది. ఇది సిద్ధాంతానికే పరిమితం కాదు: విఫలమైన లావాదేవీల్లో డబ్బు ఎన్ని రోజుల్లో వెనక్కి రావాలో, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల పరిహారం ఎప్పుడు ఇవ్వాలో రిజర్వ్ బ్యాంక్ 2019 సెప్టెంబరులో లెక్క కట్టి ఆదేశించింది. ఇలాంటివి జరుగుతాయని తెలిసి చేసిన ఏర్పాటు అది.

చిన్న అప్లికేషన్లకు ఇంత శ్రమ భారమన్న అభ్యంతరాన్ని మాత్రం తేలిగ్గా తీసేయను. వ్యాఖ్య రెండుసార్లు పడితే కొంపలేం మునగవు. డబ్బు, సీటు, దరఖాస్తు, రేషన్ ఉన్న చోట ఆ సాకు చెల్లదు, అక్కడ అయ్యే ఖర్చు టేబుల్‌లో ఒక కాలమ్, నాలుగు లైన్ల కోడు. కాబట్టి కొరత ఉన్నది ఖర్చులో కాదు, నేర్పడంలో. ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్‌లోనైనా అమీర్‌పేట కంప్యూటర్ కోర్సులోనైనా ఫారంలో నింపింది టేబుల్‌లో కనబడితే ప్రాజెక్టు పూర్తయిందనుకోవడం మామూలు. ఆ తర్వాత ఇంకొక్క పని చేయించాలి. సర్వర్ వరసను భద్రం చేశాక, జవాబు పంపకముందే సర్వర్‌ను ఆపేయమనాలి. మళ్లీ నడిపించి, విద్యార్థి చేత అదే ఫారం రెండోసారి పంపించి, టేబుల్ తెరిచి వరసలు లెక్కపెట్టించాలి.