చరణము ఒక్కనిది, పల్లవి అందఱిది

ప్రార్థన ఏకాంతమున పుట్టుననియు, సమూహమున చేరినంతనే దాని గాఢత తఱుగుననియు కొందఱు విమర్శకులు తలంతురు. భక్తి సాహిత్యమును పుటలపై మాత్రమే చదివినవారికి అట్లు తోచుట సహజము. నిజామాబాదు, బోధను ప్రాంతముల భజన గోష్ఠులను వినిన మాకు భిన్నమైన అభిప్రాయము కలిగినది.

రామదాసు గోలకొండ చెఱనుండి రాముని నిలదీసిన కీర్తనను తీసికొందము. సీతమ్మకును భరతునకును చేయించిన పతకముల వెలలను లెక్కగట్టి ఆతడు స్వామిని నిష్ఠురమాడును. తుదకు దెబ్బల కోర్వక తిట్టితినని మన్నింపు కోరును. చదువరి దృష్టి తిట్టుపై నిలుచును. నిందాస్తుతి యని పేరు పెట్టి ముగించుట మన అలవాటు. కాని పాడుచోట జరుగునది వేఱు. చరణమును ఒక్కడు పాడును. పల్లవిని అందఱును అందుకొందురు. పల్లవిలో వరహాల లెక్క లేదు, కోపము లేదు. పలుకుమను, రక్షింపుమను వేడికోలు మాత్రమే కలదు. కావున ప్రతి యారోపణ వెనుకను ఒక వేడికోలు తప్పక వచ్చుచుండును. సమూహము ఒక్కని నిష్ఠురమును అణచుట లేదు. హద్దు మీఱకుండ పట్టి నిలుపుచున్నది. ప్రార్థనలో సమత యనగా ఇదియే యని మా తాత్పర్యము.

బతుకమ్మ పాటలందును ఈ నిర్మాణమే కలదు. ఒక స్త్రీ పాదమెత్తగా తక్కినవారు చప్పట్లతో 'ఉయ్యాలో' యని అందుకొందురు. అత్తింటి కష్టము చెప్పుకొను పాటయైనను ఆ కష్టము వలయమున తిరుగు వారందఱిదగును. గోదావరీ మంజీరలు కలియు కందకుర్తికి ఆవల మహారాష్ట్రమున వారకరీలు అభంగములను బృందముగ పాడు పద్ధతియు దీనికి దూరము కాదు.

ఈ విచారము కేవలము రచనా నిర్మాణమునకు సంబంధించినది కాదు. బోధను శక్కర్‌నగరులో 1937లో వెలసిన నిజాం చక్కెర కర్మాగారము 2015లో మూతపడినది. పని పోయిన కార్మికుడును, చెఱకు రైతును కూర్చుండిన భజనలో రామదాసు లెక్కలు పాతకథ కావు. అట్టివాడొకడు చరణము నడుమ గొంతు తడబడి నిలిచిపోగా, ప్రక్కవారు పల్లవిని ముందుగనే అందుకొనుట మేమొకమాఱు వింటిమి. పిదప వాడు చరణమును తుదివఱకు పాడెను. వాని మొర ఆగలేదు. వాడు ఒంటరియు కాలేదు.

సమూహము ఎల్లప్పుడును మేలు చేయునని మేమనము. ధ్వనివర్ధకముల హోరులో చరణము వినరాక పల్లవియే మిగిలినచో ఒక్కని మొరకు తావుండదు. చరణము లేని పల్లవి ఉత్త ఘోష. పల్లవి లేని చరణము ఉత్త తగవు.

కావున కీర్తనలను పరిష్కరించు పరిశోధక విద్యార్థులు పాఠభేదములతోపాటు ఏ భాగము నెవరు పాడుదురో కూడ గుర్తింపవలెను. అచ్చుప్రతిలో పల్లవి మొదట ఒక్కమాఱే కనబడును. పాటలో ప్రతి చరణము వెనుకను వచ్చును. అచ్చున లోపించిన ఆ పల్లవులను మనస్సున నింపుకొనిననే గాని రామదాసు కోపమును మాత్రమే చూతుము, ఆతని ప్రార్థనను చూడజాలము.